65 సెకన్లలో డప్పు: శాంప్లర్ కోసం శబ్దాలు సిద్ధం చేయడం

శాంప్లర్ అంటే ఏంటో ముందు చెప్పేస్తా. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. కీబోర్డ్‌కి, సింథసైజర్‌కి తమ సొంత గొంతు ఉంటుంది. శాంప్లర్‌కి ఉండదు. మనం ఏ శబ్దం పెడితే అదే దాని గొంతు. తలుపు కిర్రుమన్న చప్పుడు ఎక్కించి మీట నొక్కితే తలుపు కిర్రుమంటుంది. స్పీడ్ నాబ్ వెనక్కి తిప్పితే అదే కిర్రు పాత సినిమాలో కోట తలుపులాగా లావుగా, నెమ్మదిగా వస్తుంది. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, చర్చి పాటల్లో కర్రలతో వాయించే రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్ఎక్స్ ప్యాడ్ మీలో చాలామంది చూసే ఉంటారు. తొమ్మిది రబ్బరు గళ్ళు ఉంటాయి. అదీ శాంప్లరే.

నా దగ్గర ఉన్నది కోర్గ్ వోల్కా శాంపిల్. 2014లో వచ్చిన మొదటి మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. సైజు టిఫిన్ బాక్స్ అంత. మెమరీ 4 ఎంబీ. మళ్ళీ చదవండి, జీబీ కాదు, ఎంబీ. ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే పూల ఫోటోలు కొన్ని పెడితే నిండిపోయే చోటు. ఇందులో 100 శబ్దాల దాకా పెట్టుకోవచ్చు, కానీ అన్నీ కలిపి 65 సెకన్లు దాటకూడదు. లెక్క సులువే. ఈ మిషన్ సెకనుకి 31,250 సార్లు శబ్దాన్ని కొలిచిన ఫైల్‌ని వాయిస్తుంది. ఒక్కో కొలత 16 బిట్లు, అంటే 2 బైట్లు. సెకనుకి 62,500 బైట్లు. దాన్ని 65తో గుణిస్తే 40,62,500. అదీ మన 4 ఎంబీ. (ఇంగ్లీష్‌లో ఒక్కో కొలతనీ శాంపిల్ అంటారు, మొత్తం శబ్దం ముక్కనీ శాంపిల్ అంటారు. గందరగోళం లేకుండా నేను మొదటిదాన్ని కొలత అంటాను, రెండోదాన్ని శాంపిల్ అంటాను.)

నేను ఇందులో పెట్టాలనుకున్నది మా తాత డప్పు. తాతకి డెబ్భై దాటాయి. బోనాలకీ, పీర్ల పండక్కీ, పెళ్ళికీ, చావుకీ, మా ఊళ్ళో ఏది జరిగినా ఆ డప్పు మోగేది. ఇప్పుడు కుడి భుజం సరిగా లేవట్లేదు. ఒక దరువు వాయించి కూర్చుంటాడు, కాసేపాగి ఇంకోటి. మా ఇంట్లో తర్వాత నేర్చుకున్నవాళ్ళు లేరు, నాతో సహా. అందుకని మొన్న సెలవుల్లో నాలుగు రోజుల పాటు కొంచెం కొంచెంగా 40 నిమిషాలు రికార్డ్ చేశా. 40 నిమిషాలంటే 2,400 సెకన్లు. మిషన్‌లో ఉన్న చోటు 65. ఏది ఉంచాలి, ఏది కోసేయాలి అన్నది తప్ప శాంపిల్స్ సిద్ధం చేయడంలో ఇంకేం లేదు. మిగతావన్నీ దాని కోసం వాడే పనిముట్లు.

రికార్డింగ్ దగ్గరే సగం పని

డప్పు కాగాలి. గడ్డి మంట వేసి దాని వేడికి చర్మం చూపిస్తే బిగుసుకుంటుంది, అప్పుడే ఆ పగిలే మోత వస్తుంది. తాత మాటల్లో, "కాగని డప్పు డప్పు గాదు బిడ్డా, తట్ట." కాచిన బిగువు ఎక్కువసేపు నిలవదు, మబ్బు పట్టిన రోజైతే ఇంకా తొందరగా సడలిపోతుంది. కాబట్టి కాచిన వెంటనే విడి దెబ్బలు, అవి అయ్యాక దరువులు. ఈ వరుస ఎందుకంటే, విడి దెబ్బలన్నీ ఒకే బిగువులో ఉండాలి. తర్వాత వాటిని కలిపి వాయించినప్పుడు ఒకటి కాగిన డప్పు, ఇంకోటి చల్లారిన డప్పు లాగా ఉంటే రెండు వేర్వేరు వాయిద్యాల్లా వినిపిస్తాయి. గిటార్ రికార్డ్ చేసేవాళ్ళు తీగలు శ్రుతి చేసుకున్నట్టే ఇది కూడా. కాకపోతే ఇక్కడ ట్యూనర్ యాప్ బదులు మంట.

తాత కుడి చేతిలో చిర్ర పట్టుకుంటాడు, అది లావు కర్ర. ఎడమ చేతిలో చిటికెన పుల్ల, సన్నగా ఉంటుంది. చిర్రతో నడుమ కొడితే ఒక శబ్దం, అంచు దగ్గర కొడితే ఇంకో శబ్దం, పుల్లతో ఒకటి, రెండూ ఒకేసారి పడితే మరొకటి. ఒక్కోటీ కనీసం పదిసార్లు కొట్టించా. ప్రతి దెబ్బ తర్వాత మోత పూర్తిగా ఆగేదాకా ఆగమన్నా. తాతకి అన్నిటికంటే కష్టమైంది ఇదే. "కొట్టి ఆగుడేంది, ఆగితే అది దరువెట్లయితది" అని విసుక్కున్నాడు. న్యాయమైన ప్రశ్నే, దీని సంగతి తర్వాత వస్తుంది.

గదిలో కాకుండా ఆరుబయట రికార్డ్ చేయండి. గోడల మోత ఒకసారి ఫైల్‌లోకి వచ్చిందంటే ఇక పోదు. ఎకో తర్వాత కావాలంటే కలుపుకోవచ్చు, ఉన్నదాన్ని మాత్రం సరిగ్గా తీసేయలేం. కోడి కూతలు, బైకు హారన్లు వస్తాయి, రానివ్వండి. అవి పడ్డ దెబ్బని వదిలేసి పక్క దెబ్బ తీసుకుంటాం, అందుకే పదిసార్లు కొట్టించేది. హ్యాండీ రికార్డర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోగలిగితే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. లెవెల్ ఎంత పెద్ద దెబ్బకైనా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. డప్పు మీటర్ చూపించేదానికంటే గట్టిది. దెబ్బ మొదటి మిల్లీసెకన్లలోనే శిఖరానికి పోతుంది. ఫోన్ ఒక్కటే ఉంటే వేవ్ ఫైల్‌గా సేవ్ చేసే రికార్డర్ యాప్ వెతికి, నాయిస్ రిడక్షన్, ఆటో గెయిన్ లాంటివి ఆపేయండి. ఇవి మాట కోసం చేసినవి. మాటకి మేలు చేసేవి డప్పుకి కీడు చేస్తాయి, ఎందుకంటే వాటి దృష్టిలో డప్పే నాయిస్.

కోత

ఆడాసిటీ చాలు, ఉచితం. ముందు స్టీరియోని మోనో చేయాలి, ఎందుకంటే రెండు ఛానెళ్ళంటే రెండింతల చోటు. ఇక్కడ అందరూ రెండు ఛానెళ్ళని కలిపేసే బటన్ నొక్కుతారు. అలా కలిపే ముందు కొంచెం ఆలోచించండి. మీ రెండు మైకులకీ డప్పు నుంచి ఉన్న దూరంలో 17 సెంటీమీటర్ల తేడా ఉందనుకుందాం. శబ్దం ఆ దూరం పోవడానికి సుమారు అర మిల్లీసెకను పడుతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర అర మిల్లీసెకను అంటే సరిగ్గా సగం అల. ఒక మైకులో అల పైకి లేచేటప్పుడు ఇంకోదాంట్లో కిందికి దిగుతుంటుంది. కలిపితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. శబ్దం మధ్యలో గొయ్యి పడుతుంది. అందుకే కలపకండి. రెండింట్లో బాగున్న ఛానెల్ ఒకటి ఉంచుకుని రెండోది తీసేయండి.

తర్వాత దెబ్బ మొదలు. మీట నొక్కిన క్షణంలో శబ్దం రావాలి, కాబట్టి దెబ్బకి ముందున్న నిశ్శబ్దాన్ని కోసేయాలి. 10 మిల్లీసెకన్లు మిగిలిపోతే ఏమవుతుంది అనిపిస్తుంది. నిమిషానికి 120 వేగంలో వోల్కాలో ఒక్కో అడుగు 125 మిల్లీసెకన్లు. అందులో 10 పోతే వినేవాళ్ళకి అంకె తెలియకపోయినా చెయ్యి బద్ధకంగా ఉందని తెలుస్తుంది. బాగా జూమ్ చేసి, అల సున్నా గీతని దాటే చోట కోయండి. ఆడాసిటీలో జెడ్ నొక్కితే సెలెక్షన్ తనే దగ్గర్లో ఉన్న సున్నా దగ్గరికి జరుగుతుంది. సున్నాలో కాకుండా అల మధ్యలో కోస్తే ప్రతిసారీ మొదట్లో టిక్‌మని ఒక చప్పుడు వస్తుంది. దాన్ని దాచడానికి ఫేడ్ ఇన్ వేయమని చాలా వీడియోల్లో చెప్తారు. డప్పుకి ఆ పని చేయకండి. 31,250 కొలతల లెక్కన మిల్లీసెకనుకి 31 కొలతలు. డప్పులో చిర్ర చర్మాన్ని తాకిన క్షణం అంతా ఆ మొదటి వంద, రెండొందల కొలతల్లోనే ఉంటుంది. ఫేడ్ వేశారంటే కర్ర బదులు చేత్తో తట్టినట్టు వినిపిస్తుంది.

తోక వైపు మాత్రం ఫేడ్ అవుట్ తప్పనిసరి. మోత ఎక్కడ అయిపోయిందన్నది కంటితో చూడొద్దు, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. నా ఫైళ్ళలో బాగా కాగిన డప్పు దెబ్బ అర సెకను దాటాక దాదాపు ఏమీ లేదు. సడలిన డప్పు ఇంకా మూలుగుతూనే ఉంది. చివరికి ఒక్కో దెబ్బకి సగటున 0.7 సెకన్లు ఇచ్చా, ఆఖరి 0.2 ఫేడ్‌కే.

రేట్ మార్చడం, తాత చేసిన టెస్ట్

ఇది మన సీఎస్ఈ వాళ్ళకి ఇష్టమైన భాగం, కొంచెం ఓపిక పట్టండి. రికార్డింగ్ సెకనుకి 48,000 కొలతలు. మిషన్‌కి కావాల్సినవి 31,250. రెండింటినీ 250తో భాగిస్తే 192, 125 వస్తాయి. అంటే ప్రతి 192 కొలతల చోట 125 ఉండాలి. పైథాన్‌లో కొన్ని కొలతలు తీసి పారేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఏ రేట్‌లో కొలిచినా అందులో సగం ఫ్రీక్వెన్సీ దాకానే పట్టుకోగలం అన్నది నైక్విస్ట్ సూత్రం. 31,250లో సగం 15,625. డప్పు చిటపటలో 20,000 హెర్ట్జ్ దగ్గర కూడా శక్తి ఉంటుంది. ఆ పై భాగాన్ని ముందే ఫిల్టర్‌తో తీసేయకుండా కొలతలు పారేస్తే అది మాయమవదు, అద్దంలో బొమ్మలాగా కిందికి మడిచినట్టు పడుతుంది. 31,250లోంచి 20,000 తీసేస్తే 11,250. అసలు డప్పులో లేని ఈల ఒకటి 11,250 హెర్ట్జ్ దగ్గర పుడుతుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు. సైపైలో రీశాంపిల్ పాలీ అనే ఫంక్షన్‌కి 125, 192 అని రెండు అంకెలిస్తే ఫిల్టర్ కూడా తనే చూసుకుంటుంది. కోడ్ వద్దనుకుంటే ఆడాసిటీలో ప్రాజెక్ట్ రేట్ 31,250 అని టైప్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసినా అదే పని.

ఇప్పుడు అసలు ఆశ మొదలవుతుంది. ఫైల్‌ని రెండింతల వేగంతో ఎక్కించి, మిషన్‌లో స్పీడ్ సగానికి తగ్గించి వాయిస్తే? సగం చోటే పడుతుంది కదా. ఈ ఎత్తు కొత్తది కాదు. 1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్పీ-1200 శాంప్లర్‌లో మొత్తం చోటు 10 సెకన్లు, 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్. అమెరికా హిప్‌హాప్ వాళ్ళు 33 ఆర్పీఎం ఎల్పీ రికార్డుని 45లో తిప్పి రికార్డ్ చేసుకుని, మిషన్‌లో వేగం దించేవాళ్ళు. 1.35 రెట్లు లాభం, అంటే 10 సెకన్ల చోటులో 13.5 సెకన్ల సంగీతం. ఆ గరుకు శబ్దం తర్వాత ఒక స్టైల్ అయిపోయింది. ఇప్పుడు లక్షలు పోసి ఆ పాత మిషన్లు కొనేవాళ్ళున్నారు. కానీ ఉచితంగా ఏదీ రాలేదు. రెండింతలు వేగం పెంచితే నిజానికి మనం సెకనుకి 15,625 కొలతలతో సరిపెట్టుకున్నట్టే. 7,800 హెర్ట్జ్ పైనున్నదంతా పోయినట్టే.

పోతే ఎంత నష్టం? చూద్దామని ఒకే దెబ్బని మూడు ఫైళ్ళుగా చేశా. ఒకటి అసలు 48 కిలోహెర్ట్జ్, రెండోది 31.25, మూడోది రెండింతల ఎత్తుతో సగానికి దించింది. ఏది ఏదో చెప్పకుండా తాతకి హెడ్‌ఫోన్ పెట్టి వినిపించా. మొదటి రెండింటికీ తల ఊపాడు. మూడోది విని హెడ్‌ఫోన్ తీసి చేతిలో పెట్టాడు.

"ఇది కాగలే బిడ్డా. మల్ల కాపు."

నేను వరుస మార్చి మళ్ళీ వినిపించా. మళ్ళీ అదే ఫైల్‌ని పట్టుకున్నాడు, మళ్ళీ అదే మాట. శబ్దం మసకగా ఉందనో, క్వాలిటీ తగ్గిందనో కాదు, కాగలేదు అన్నాడు. తర్వాత స్పెక్ట్రమ్ గీసి చూస్తే అర్థమైంది. చర్మం బిగిసినప్పుడు పెరిగేది ముఖ్యంగా ఆ పైనున్న చిటపట. ఫైల్‌లో పైభాగం కోసేస్తే చెవికి అది చర్మం సడలినట్టే అనిపిస్తుంది. మనం పుస్తకంలో బ్యాండ్‌విడ్త్ అని చదువుకున్నదానికి తాత దగ్గర వేరే పేరుంది, అంతే. వయసు పైబడితే చాలా పై ఫ్రీక్వెన్సీలు వినిపించవు కాబట్టి మొదటి రెండింటి మధ్య తేడా కోసం నా చెవిని కూడా నమ్ముకున్నా. అసలుదాంట్లో కొంచెం గాలి ఎక్కువగా ఉంది, అంతకు మించి లేదు. 31.25 ఖాయం చేశా. రెండింతల ఎత్తు డప్పుకి పనికిరాదని తేలింది. బేస్ శబ్దాలకి మాత్రం హాయిగా వాడుకోవచ్చు, వాటిలో పైన పోయేదేం లేదు.

ఇంకో మాట. మీ మిషన్ వేరేదైతే ఈ అంకె మారుతుంది. ఎస్‌పీడీ-ఎస్ఎక్స్‌కి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ కావాలి. రోలాండ్ ఎస్పీ-404 ఎంకే2 లోపల 48తో నడుస్తుంది. రేట్ మార్చకుండా 48 ఫైల్‌ని 44.1 అనుకుని వాయించే మిషన్‌కి ఇస్తే పాట ఎనిమిది శాతం నెమ్మదిస్తుంది, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది. మాన్యువల్‌లో ఈ ఒక్క పేజీ చదవండి, మిగతాది చదవకపోయినా పర్లేదు.

గట్టితనం

నార్మలైజ్ అనే బటన్ అందరికీ తెలుసు. ఫైల్‌లో ఉన్న పెద్ద శిఖరాన్ని పైదాకా లాగుతుంది. దాన్ని ఒక్కో ఫైల్ మీదా విడివిడిగా నొక్కితే డప్పు చచ్చిపోతుంది. నా దగ్గర చిర్ర గట్టి దెబ్బ మైనస్ 13 దగ్గర ఉంది, చిటికెన పుల్ల మైనస్ 25 దగ్గర. మధ్యలో 12 డెసిబెల్స్ తేడా, అంటే అల ఎత్తులో నాలుగు రెట్లు. విడివిడిగా నార్మలైజ్ చేస్తే రెండూ మైనస్ 1కి వస్తాయి. పుల్ల వచ్చి చిర్ర నెత్తిన కూర్చుంటుంది. తాత ఎడమ చెయ్యి జీవితమంతా నేర్చుకున్నది ఆ నాలుగు రెట్లు తగ్గి ఉండటమే. అందుకని అన్ని ఫైళ్ళలోకీ పెద్ద శిఖరం ఏదో చూసుకుని, దాన్ని మైనస్ 1కి తేవడానికి ఎంత పెంచాలో అంతే అన్నిటికీ పెంచండి. నా లెక్కలో 12 డెసిబెల్స్. చిర్ర మైనస్ 1 అయింది, పుల్ల మైనస్ 13 అయింది, వాళ్ళిద్దరి మధ్య మర్యాద అలాగే ఉంది.

24 బిట్ నుంచి 16కి దించేటప్పుడు డిథర్ వేయాలా వద్దా అని నెట్‌లో పెద్ద యుద్ధాలు జరుగుతుంటాయి. డిథర్ అంటే కావాలని కలిపే చిన్న నాయిస్, చివరి బిట్ తప్పుల్ని చెవికి తెలియకుండా పరిచేస్తుంది. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ లెక్కన 16 బిట్లకి 96 వస్తాయి. ఆరుబయట రికార్డ్ చేసిన డప్పులో గాలి చప్పుడే అంతకంటే ఎంతో ఎక్కువ. వేసి విన్నా, వేయకుండా విన్నా, తేడా నాకు తెలియలేదు. తంబూరా లాంటి మెల్లగా ఆరిపోయే శబ్దానికైతే వేయండి.

ఒక దెబ్బ డప్పు కాదు

విడి దెబ్బలు నాలుగు రకాలు. రకానికి ఒకటి చొప్పున నాలుగు ఫైళ్ళు చాలు కదా? చాలవు. మనిషి రెండుసార్లు కొడితే రెండూ ఒకేలా ఉండవు. మిషన్ ఒకే ఫైల్‌ని పదహారుసార్లు వాయిస్తే చెవి వెంటనే పట్టేస్తుంది, మరమ్మతుకొచ్చిన మిక్సీలాగా ఉంటుంది. అందుకని రకానికి ఆరు చొప్పున 24 ఉంచా. వోల్కాలో 10 పార్టులుంటాయి. చిర్ర నడుమ దెబ్బకే మూడు పార్టులిచ్చి, మూడింటిలో మూడు వేర్వేరు ఫైళ్ళు పెట్టి, అడుగులు వాటి మధ్య పంచా. పది ఫైళ్ళలోంచి ఆరు ఎంచుకునేటప్పుడు అన్నీ అందంగా ఉన్నవే తీసుకోకండి. కొంచెం పక్కకి జారిన దెబ్బ ఒకటి ఉండాలి, మనిషి వాయిస్తున్నట్టు అనిపించేది దానివల్లే.

అయినా సరే, తాత అడిగిన ప్రశ్న అలాగే ఉంది. కొట్టి ఆగితే అది దరువెలా అవుతుంది? 24 దెబ్బల్నీ 16 గళ్ళలో పేర్చి తాత దరువు మళ్ళీ కట్టడానికి ఒక సాయంత్రమంతా కూర్చున్నా. దెబ్బలన్నీ సరైన చోట ఉన్నాయి, దరువు మాత్రం లేదు. అసలు రికార్డింగ్‌ని గీతల మీద పెట్టి కొలిచా. మొదలుపెట్టినప్పుడు నిమిషానికి 104, ముగింపు దగ్గర 111. మూడో దెబ్బ గీతకంటే దాదాపు 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతోంది, ప్రతిసారీ. ఒకసారి పడితే జారిందనుకుంటాం, ప్రతిసారీ పడితే అది పద్ధతి. ఊరేగింపులో నడుస్తూ వాయించే చెయ్యి కాబట్టి అడుగు పడ్డాకే దెబ్బ పడుతుందని నా ఊహ. తాతని అడిగితే "నాకేం ఎరుక, అట్లనే వస్తది" అన్నాడు.

అందుకని కొన్ని దరువుల్ని కోయకుండా అలాగే ఉంచాలని నిర్ణయించుకున్నా. ఇవి ఖరీదైనవి. వోల్కా వేగం మారిస్తే శ్రుతి కూడా మారుతుంది, సాగదీయడం దానికి రాదు. కాబట్టి ఈ దరువు ఉన్న చోట పాట మొత్తం తాత వేగానికి రావాలి. నాకది సబబుగానే అనిపించింది. చివరి లెక్క ఇది: విడి దెబ్బలు 24, ఒక్కోటి 0.7 చొప్పున 16.8 సెకన్లు. రెండు చేతులూ గబగబా తిరిగే ముక్కలు ఆరు, రెండేసి సెకన్లు, మొత్తం 12. పూర్తి దరువులు నాలుగు, అయిదేసి సెకన్లు, మొత్తం 20. అంటే మెమరీలో దాదాపు మూడో వంతు నాలుగు ఫైళ్ళకే పోయింది. ఇంకొక సెకను, డప్పుని మంట మీంచి తీస్తూ తాత అన్న "కాగింది, ఇగ కొట్టు" అన్న మాటకి. మొత్తం 49.8. కంపెనీ ఇచ్చిన శబ్దాలన్నీ తుడిచేశా, ఒక్కటి కూడా ఉంచలేదు.

తోక పని: పేర్లు, ఎక్కించడం

మన పత్రిక తెలుగుది కాబట్టి ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెట్టాలని నాకూ ఉండింది. హార్డ్‌వేర్‌కి కుదరదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. "డప్పు" అని రాయడానికి డ, ప, పొల్లు, ప, కొమ్ము, మొత్తం అయిదు గుర్తులు, 15 బైట్లు. పాత మిషన్లు పేరుకి ఇచ్చేది కొన్ని అక్షరాలే, అవీ ఇంగ్లీషువే. వోల్కా ఇంకో అడుగు ముందుకేసి పేరే చూపించదు, నంబర్ చూపిస్తుంది. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టా. 0 నుంచి 5 దాకా చిర్ర నడుమ, 6 నుంచి 11 చిర్ర అంచు, 12 నుంచి పుల్ల, అలా. పక్కన రోజు, కాచి ఎంతసేపయింది, ఎవరు వాయించారు. చివరి గడి కూడా రాయండి. శబ్దం ఫైల్‌లోకి వచ్చాక దానికి ముఖం ఉండదు, పేరు మనమే రాసిపెట్టాలి.

ఇక వోల్కాలోకి ఎక్కించడం చూస్తే మీకు నవ్వొస్తుంది. మొదటి మోడల్‌లో శాంపిల్స్ పంపడానికి యూఎస్‌బీ లేదు. డేటాని శబ్దంగా మార్చి, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి దాని సింక్ ఇన్‌లోకి వైరు పెట్టి వాయించాలి. పాత డయలప్ మోడెమ్ చేసిన పనే. స్పీకర్‌లో వింటే ఫ్యాక్స్ మిషన్ గొడవ పడుతున్నట్టుంటుంది. ఈ పద్ధతికి కోర్గ్ పెట్టిన పేరు సైరో, కోడ్ గిట్‌హబ్‌లో ఉంచారు, చదవదగ్గది. వాల్యూమ్ పెంచండి, ఈక్వలైజర్, సరౌండ్ లాంటివన్నీ ఆపండి, ఫోన్ నుంచి పంపితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో ఒక్క నోటిఫికేషన్ టింగ్‌మంటే అది కూడా డేటాలో కలుస్తుంది. ఈ శబ్దాన్ని ఎంపీ3 చేసి దాచుకోవద్దు. ఎంపీ3 మన చెవి పట్టించుకోని వాటిని తీసేస్తుంది, కానీ అవతల వింటున్నది చెవి కాదు. 24 బిట్ అసలు రికార్డింగ్ మాత్రం రెండు వేర్వేరు చోట్ల ఉంచుకోండి. వోల్కాలో ఉన్నది నకలు మాత్రమే.

ఇంకా 15.2 సెకన్ల చోటు మిగిలి ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చావు దరువు వాయించి చూపిస్తానన్నాడు తాత. ఊరికే వాయించేది కాదట, పొలిమేర దాటి పోయి వాయిద్దాం అన్నాడు. మిగతా ఫైళ్ళు ఎవరికైనా కావాలంటే నన్ను అడగండి, నేను తాతని అడిగి ఇస్తా. ఎక్కడ వాడుతున్నారో ఒక్క ముక్క రాయండి, ఆయనకి చదివి వినిపించాలి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపుతా, ఆడియోగా పంపమని అడగొద్దు.